చేసిందెవరు, కూర్చున్నదెవరు? చండీగఢ్ కుర్చీ చరిత్ర

ఇవాళ డబ్బున్న ఇళ్ల ఫోటోలు వేసే పత్రికల్లో, డైనింగ్ టేబులు చుట్టూ ఒక కుర్చీ తరచుగా కనిపిస్తోంది. టేకుతో చేసింది. సీటూ వీపూ పేము అల్లిక. పక్క నుంచి చూస్తే రెండు కాళ్లు పైన కలిసి కింద విడిపోయి, లెక్కల పెట్టెలోని వృత్తలేఖినిని తెరిచి నిలబెట్టినట్టుంటాయి. దీన్ని చండీగఢ్ కుర్చీ అంటున్నారు. పాతది, అసలుది అని రుజువైతే వేలంలో లక్షల రూపాయలు పలుకుతోంది. నకళ్లు దేశదేశాల్లో తయారవుతున్నాయి. అన్నిటి మీదా ఒకటే పేరు: పియెర్ జానరే. స్విట్జర్లాండులో పుట్టిన వాస్తుశిల్పి.

కుర్చీ గురించి దళిత చరిత్ర రాసేవాళ్లకి ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. భూమి, కూలి, నీళ్లు, గుడి, బడి గురించి మాట్లాడాల్సినవాళ్లు ధనికుల భోజనాల గది గురించి ఎందుకు మాట్లాడాలి? ఎందుకంటే ఈ దేశంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కులం రాసిన మొదటి చట్టాల్లో ఒకటి. ఎవరి పక్కన కూర్చుని తినాలన్నది రెండోది. భోజనాల కుర్చీ ఈ రెండు చట్టాలూ కలిసే చోటు. చండీగఢ్ కుర్చీ మొదట భోజనాల గది కోసం చేసింది కాదు. సర్కారు ఆఫీసు కోసం, యూనివర్సిటీ లైబ్రరీ కోసం చేసింది. అది ఆఫీసు నుంచి తుక్కు గుట్టకి, తుక్కు నుంచి వేలం పాటకి, వేలం నుంచి ధనికుడి ఇంట్లోకి ఎట్లా పోయిందో చూస్తే, స్వతంత్ర భారతదేశంలో దళితుడికి దొరికిన కుర్చీ సంగతి కూడా తెలుస్తుంది.

ఆసనం మీద శాసనం

మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో 281వ శ్లోకం కూర్చోవడం గురించే ఉంది. కింది కులం వాడు పై కులం వాడితో సమానంగా ఒకే ఆసనం మీద కూర్చోబోతే, వాడి నడుం మీద వాత పెట్టి దేశం నుంచి వెళ్లగొట్టాలి, లేదా పిరుదు కోయించాలి అని అందులో శిక్ష. దొంగతనానికి చెయ్యి నరికినట్టు, కూర్చున్నందుకు కూర్చున్న అవయవానికే శిక్ష! ఇది ఏదో పాత పుస్తకంలో మాట, ఎవరు పాటించారు అని కొట్టిపారేసే పండితులున్నారు. పుస్తకం చదవని ఊళ్లు కూడా ఆ మాటని పాటించాయన్నదే మన అనుభవం. 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో తగలబెట్టింది ఈ పుస్తకాన్నే.

అంబేడ్కర్ తన చిన్ననాటి బడి గురించి రాసుకున్నాడు. తరగతిలో మిగతా పిల్లలతో కలిసి కూర్చోడానికి వీల్లేదు. ఒక మూల గోనెపట్టా వేసుకుని కూర్చోవాలి. బడి శుభ్రం చేసే నౌకరు ఆ గోనెపట్టాని ముట్టుకోడు. కాబట్టి సాయంత్రం దాన్ని ఇంటికి మోసుకుపోయి, మర్నాడు మళ్లీ తెచ్చుకోవాలి. పిల్లవాడు తన ఆసనాన్ని తానే మొయ్యాలి. అది బడిలో మిగిలితే బడే మైలపడుతుంది! తరవాత రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడై కూర్చున్నవాడు ఆ గోనెపట్టా మీద నుంచి లేచి వచ్చినవాడే.

మన తెలుగు ఊళ్లలో కుర్చీ కంటే ముందు అరుగు, పీట, మంచం ఉండేవి. వాటికీ ఇదే రూలు. రచ్చబండ మీద పెద్దకులాల వాళ్లు, కింద మట్టిలో మాలమాదిగలు. తెలంగాణలో దొర దారిన పోతుంటే తన ఇంటి ముందు తన మంచం మీద కూర్చున్నవాడు కూడా లేచి నిలబడాలి, చెప్పులు విడవాలి. హోటల్లో వేరే గ్లాసుతో పాటు వేరే బెంచీ. పేర్లు మారాయిగానీ సూత్రం మారలేదు. ఎత్తు మీద ఒకడు, నేల మీద ఇంకొకడు. సినిమా హాళ్లలో నేల, బెంచీ, కుర్చీ అని టికెట్లు పెట్టినప్పుడు కులానికి బదులు డబ్బు ఆసనాన్ని నిర్ణయించింది. టికెట్ కొన్న దళితుడు కుర్చీలో కూర్చున్నాడు. ఊరు దాన్ని సహించిందా? 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు వరసలో కూర్చున్న రెడ్డి యువకుడికి తగలడం దగ్గర గొడవ మొదలైంది. బహిష్కరణ, దాడులు నడిచి నడిచి ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. కాలు తగలడం నెపం. చదువుకున్న దళితుడు సమానంగా కూర్చోవడమే అసలు నేరం.

కొత్త రాజధాని, పాత నేల

దేశ విభజనలో లాహోర్ పాకిస్తానుకి పోయింది. భారత పంజాబుకి కొత్త రాజధాని కావలసి వచ్చింది. అమెరికన్ ప్రణాళికాకారుడు ఆల్బర్ట్ మేయర్ మొదట నక్షా గీశాడు. ఆయనతో పనిచేసిన మాథ్యూ నోవిట్స్కీ 1950లో విమాన ప్రమాదంలో చనిపోయాక, ఫ్రాన్సు నుంచి లె కార్బూజియేని పిలిచారు. ఆయన పినతండ్రి వరస తమ్ముడు పియెర్ జానరే, ఇంగ్లండు నుంచి మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ వచ్చారు. లె కార్బూజియే ఏడాదికి కొన్ని వారాలు వచ్చిపోయేవాడు. జానరే మాత్రం 1951లో వచ్చి 1965 దాకా అక్కడే ఉండి పని నడిపించాడు. 1953 అక్టోబర్ 7న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ నగరాన్ని ప్రారంభించాడు. పాత సంప్రదాయాల సంకెళ్లు తెంచుకున్న నగరం అని నెహ్రూ దీన్ని మెచ్చుకున్నాడు.

నగరం ఖాళీ కాగితం మీద గీశారుగానీ, ఖాళీ నేల మీద కట్టలేదు. అక్కడ పల్లెలున్నాయి, పొలాలున్నాయి, మామిడి తోటలున్నాయి. సర్కారు భూమి తీసుకుంది, భూమి ఉన్నవాళ్లకి పరిహారం లెక్క కట్టింది. మరి భూమి లేనివాళ్లకి? ఇక్కడ 1900 నాటి పంజాబ్ భూమి అన్యాక్రాంత చట్టాన్ని గుర్తు చేసుకోవాలి. వడ్డీ వ్యాపారుల చేతిలోకి రైతుల భూమి పోకూడదని బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన చట్టం అది. వ్యవసాయ కులాలని కొన్నిటి జాబితా తయారు చేసి, ఆ కులాల భూమిని బయటివాళ్లు కొనకుండా అడ్డుపెట్టింది. ఆ జాబితాలో దళితులు లేరు. తరతరాలుగా పొలంలో వొళ్లు వంచి పనిచేసినవాళ్లు చట్టం దృష్టిలో వ్యవసాయదారులు కారు! స్వాతంత్ర్యం వచ్చేదాకా పంజాబు దళితుడు డబ్బు పెట్టి కూడా సాగుభూమి కొనుక్కోలేకపోయాడు. అందుకే 2011 జనాభా లెక్కల్లో దళితులు దాదాపు 32 శాతం ఉండి, ఏ రాష్ట్రంలోనూ లేనంత వాటాలో ఉన్న పంజాబులో, వాళ్ల చేతిలో భూమి మాత్రం నామమాత్రం. రాజధాని కోసం పల్లెలు లేచిపోయినప్పుడు భూస్వామికి పరిహారం వచ్చింది. ఆ భూమి మీద కూలి చేసుకుని బతికినవాడికి కూలి పోయింది.

మరి నగరం కట్టినవాళ్లు? ఇటుకలు మోసి, కాంక్రీటు కలిపి, గంపలు నెత్తిన పెట్టుకుని వెదురు మెట్లు ఎక్కిన ఆడామగా కూలీలకి ఆ ప్రణాళికలో ఇల్లు లేదు. నగరం అంచున గుడిసెలు వేసుకున్నారు. వాటిని అక్రమం అన్నారు. ఎత్తేశారు, మళ్లీ వేసుకున్నారు. చండీగఢ్ ప్రణాళిక పేదల్ని ఎట్లా బయట పెట్టిందో మధు సరీన్ 1982లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాసింది. సర్కారు ఉద్యోగుల ఇళ్లనైతే జీతాన్ని బట్టి 13 తరగతులుగా విడగొట్టారు. పై తరగతి ఇళ్లు ఉత్తరాన, విశాలమైన తోటలతో, అసెంబ్లీకీ సచివాలయానికీ దగ్గరగా. కింది తరగతి ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని. జీతం లెక్కలో కింది మెట్టు మీద బంట్రోతులూ పాకీ పనివాళ్లూ ఉంటారు. ఆ మెట్టు మీద ఏ కులాల వాళ్లుంటారో చెప్పనవసరం లేదు. ఆధునిక నగరం కులం పేరెత్తలేదు. జీతం పేరుతో ఊరి వెలుపలి వాడని మళ్లీ గీసింది.

కుర్చీ చేసిన చేతులు

ఇన్ని ఆఫీసులకీ, హైకోర్టుకీ, అసెంబ్లీకీ, పంజాబ్ యూనివర్సిటీకీ సామాను కావాలి. యూరపు నుంచి తెప్పించే డబ్బు లేదు. ఇక్కడి కర్రతో, ఇక్కడి పనివాళ్లతో, తక్కువ ఖర్చులో చేయించాలి. జానరే ఈ పని తలకెత్తుకున్నాడు. బృందంలోని భారతీయ వాస్తుశిల్పులు కూడా సామాను గీశారు. ఉర్మిళా యూలీ చౌదరి వాళ్లలో ముఖ్యురాలు. ఇవాళ్టి వేలం జాబితాల్లో ఆమె పేరు అప్పుడప్పుడూ కనిపిస్తుంది, ఎక్కువసార్లు కనిపించదు. పేరు చెరిగిపోవడం ఇక్కడే మొదలైంది. తెల్లవాడి పేరు పెద్దక్షరాల్లో, భారతీయ స్త్రీ పేరు చిన్నక్షరాల్లో, చేసినవాడి పేరు అసలే లేదు.

ఆ కుర్చీని దగ్గరగా చూస్తే కాగితం ఎక్కడ ఆగిందో, చెయ్యి ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. కాళ్లు మందం, అంచులు గుండ్రం, మోటుగా కనబడే గట్టి చట్రం. టేకు, శీషం లాంటి కర్ర. దాన్ని రంపంతో కోసి, బాడిశతో చెక్కి, చిత్రిక పట్టి, ఒక చెక్కకి బెజ్జం తొలిచి ఇంకో చెక్క కొసని అందులో బిగించాలి. వంకర కాలు కొంచెం అటూ ఇటూ అయితే కుర్చీ ఊగుతుంది. ఒకే బొమ్మ చూసి వేర్వేరు కార్ఖానాల్లో చేశారు కాబట్టి ఏ రెండు కుర్చీలూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒకదాని చెయ్యి కాస్త వెడల్పు, ఇంకోదాని కాలు కాస్త సన్నం. ఇవాళ కొనుగోలుదారులు ఈ తేడాలనే భూతద్దం పెట్టి చూస్తున్నారు. ఆ తేడా ఒక మనిషి మణికట్టుది. ఆ మనిషి ఎవరని మాత్రం అడగరు.

పంజాబులో కర్రపని తర్ఖాన్‌లది. వాళ్లలో సిక్కులైనవాళ్లు రామ్‌గఢియాలుగా పేరు పొందారు. మన దగ్గర వడ్రంగుల్లాగే అదొక చేతివృత్తి కులం. అంటరానివాళ్లు కారు, భూస్వాములతో సమానులూ కారు. అంబేడ్కర్ చెప్పిన మెట్ల అసమానతలో నడిమి మెట్టు. పైవాడి ముందు నిలబడతారు, కిందివాడిని నిలబెడతారు. ఇదే వడ్రంగం పని కుమావూఁ, గఢ్వాల్ కొండల్లో శిల్పకార్ అనే దళిత కులాలది. అక్కడ కర్ర చెక్కేవాడు, ఇల్లు కట్టేవాడు, ఇనుం కాల్చేవాడు అంతా అంటరానివాళ్లే. వాళ్లు చెక్కిన గడప దాటి లోపలికి వాళ్లే రాకూడదు. ఒకే పని, రెండు ప్రాంతాల్లో రెండు మెట్లు! పనిలో మైల ఉంటే రెండు చోట్లా ఉండాలి కదా. మైల పనిలో లేదు, పనివాడి మీద పెట్టిన ముద్రలో ఉంది.

పేము అల్లిక ఇంకో నేర్పు. నానబెట్టిన పేము బద్దల్ని నిలువూ అడ్డమూ ఏటవాలుగానూ లాగి, ఎనిమిది మూలల కన్నులు వచ్చేట్టు అల్లాలి. కొన్నేళ్లకి అది తెగుతుంది, మళ్లీ అల్లాలి. మన దేశంలో అంధుల బళ్లలో చాలాకాలం నేర్పిన పని ఇది. సర్కారు ఆఫీసుల్లో కుర్చీలు తిరిగి అల్లే ఉద్యోగం చూపులేనివాళ్లకి దొరికేది. కుర్చీ అందాన్ని కళ్లతో కొలిచేవాళ్లు, దాన్ని చూడకుండానే నిలబెట్టిన ఈ వేళ్లని లెక్కలోకి తీసుకున్నారా? కొన్ని కుర్చీలకి తోలు సీట్లున్నాయి, ముఖ్యంగా కోర్టుకీ పెద్ద సభలకీ చేసినవాటికి. పంజాబులో తోలు శుద్ధి అంటే చమార్ల శ్రమ. జలంధర్‌లోని బూటా మండి ఆ వ్యాపారానికి పేరు మోసిన దళిత వాడ. 1926లో మంగూ రామ్ నడిపిన ఆద్ ధర్మ్ ఉద్యమానికి ఆ చుట్టుపక్కల తోలు కులాలే బలం. తోలు ఊళ్లో మైల, న్యాయమూర్తి కింద గౌరవం.

కులం పనిని మాత్రమే కాదు, పని చేసే మనుషుల్నే విడగొడుతుందని అంబేడ్కర్ 1936లో చెప్పాడు. ఆ ఉపన్యాసానికి ఆయన్ని పిలిచి, తరవాత వద్దన్నది లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్, అంటే పంజాబు సంస్కర్తలే. ఆధునిక డిజైను ఈ విభజనకి ఇంకో అంతస్తు కట్టింది. బొమ్మ గీసింది సృష్టి అయింది. కర్ర చెక్కింది కూలి అయింది. యూరపులో ఈ విడదీత యంత్రాలతో వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. మన దగ్గర దానికి యంత్రాల కోసం ఎదురుచూడాల్సిన పని పడలేదు. మెదడు ఒకడిది, చెయ్యి ఇంకొకడిది అని బ్రాహ్మణీయ వ్యవస్థ వేల ఏళ్ల కిందే పంచి పెట్టింది.

అయినా ఈ కుర్చీ మీద రాత ఉంది. వెనక చట్రం మీద తెల్లరంగుతో అచ్చు అక్షరాలు, అంకెలు కనబడతాయి. ఏ శాఖది, ఏ కాలేజీది, ఎన్నో నంబరు అని సర్కారు గుమాస్తా వేయించిన గుర్తులు. ఇవాళ ఆ గుర్తులుంటే ధర పెరుగుతుంది, అసలుదని రుజువు కాబట్టి. సర్కారు తన సొత్తు మీద తన పేరు రాసుకుంది. వ్యాపారి దాని మీద జానరే పేరు చేర్చాడు. చేసినవాడికి పేరు రాసుకునే హక్కు ఎవరూ ఇవ్వలేదు.

ఆ కుర్చీలో మొదటిసారి కూర్చున్నవాళ్లు

ఇంతటితో ఆపితే మనం కూడా సగం చరిత్రే రాసినట్టు. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ల సంగతి ఇంకా ఉంది.

జానరే బృందం హోదాని బట్టే కుర్చీలు గీసింది. న్యాయమూర్తికి ఎత్తైన వీపు, మెత్తటి తోలు. గుమాస్తాకి పేము సీటు. విద్యార్థికి చేతులు లేని సాదా కుర్చీ. మెట్లు ఉన్నాయి. కానీ ఈ మెట్లకీ మనువు మెట్లకీ ఒక తేడా ఉంది. వీటిని ఎక్కడానికి దారి రాజ్యాంగంలో రాసి ఉంది. 16వ అధికరణం ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కి చోటిచ్చింది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దానికి చట్టం వచ్చింది. పాక నుంచి, తోలు గుంటల నుంచి, వెట్టి నుంచి వచ్చిన మొదటి తరం పిల్లలు యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చున్నది, మొదటి తరం గుమాస్తాలు బల్ల ముందు కూర్చున్నది ఇట్లాంటి సర్కారు కుర్చీల్లోనే. ఒక్క చండీగఢ్‌లోనే కాదు. హైదరాబాదు సచివాలయంలో, విశాఖపట్నం, గుంటూరు కలెక్టరాఫీసుల్లో, తాలూకా కచేరీల్లో ఉన్న పేరులేని పేము కుర్చీలకీ ఇదే చరిత్ర. ఊళ్లో అరుగెక్కనివ్వని రెడ్డిగారో చౌదరిగారో కాగితం మీద సంతకం కోసం వచ్చి ఆ కుర్చీ ముందు నిలబడాల్సి వచ్చిన రోజు చిన్న రోజు కాదు. ఆఫీసులో కూడా వివక్ష ఉంది. ఫైలు విసిరేవాళ్లు, వేరే కూజా పెట్టేవాళ్లు ఉన్నారు. అయినా కుర్చీ పౌరుడిది, కులానిది కాదని చట్టం చెప్పింది. అడగడానికి ఒక ఆధారం దొరికింది.

తెలుగులో కుర్చీ అంటే పదవి అని కూడా అర్థం. ఊరు ఈ రెండర్థాల్నీ కలిపే చదువుకుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చి, పంచాయతీల్లో దళితులకి సీట్లు కేటాయించాక ఏం జరిగింది? తమిళనాడు మదురై జిల్లా మేలవళవులో అధ్యక్ష పదవి దళితులకి కేటాయించినందుకు, గెలిచిన అధ్యక్షుడు మురుగేశన్‌నీ ఆయనతో ఉన్న మరో ఐదుగురినీ 1997 జూన్ 30న బస్సులోంచి దింపి నరికేశారు. అదే రాష్ట్రంలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళంలో 2006 దాకా, పదేళ్లపాటు ఎన్నికే సరిగా జరగనివ్వలేదు. 2020లో కడలూరు జిల్లా తెర్కు తిట్టైలో దళిత మహిళా అధ్యక్షురాలిని పంచాయతీ సమావేశంలో నేల మీద కూర్చోబెట్టి, మిగతావాళ్లు కుర్చీల్లో కూర్చున్న ఫోటో బయటికొచ్చింది. పదవి ఇచ్చారు, కుర్చీ ఇవ్వలేదు! 2003లో జలంధర్ దగ్గర తల్హన్‌లో గొడవ కూడా మందిర నిర్వాహక కమిటీలో దళితులకి స్థానం గురించే. గురువులు లంగరులో అందరినీ ఒకే వరసలో నేల మీద కూర్చోబెట్టారు. అది గొప్ప సమానత్వం. కానీ భోజనం వరసలో సమానత్వం ఒప్పుకున్న జాట్ భూస్వామి, కమిటీ కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఒప్పుకోలేదు.

తుక్కు నుంచి వేలానికి

కాలక్రమంలో చండీగఢ్ ఆఫీసుల్లోకి ఇనప కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు, చక్రాల కుర్చీలు వచ్చాయి. పాతవి మేడల మీదకీ, వరండాల్లోకీ చేరాయి. ఎండకీ వానకీ గుట్టలుగా పడున్నాయి. పనికిరాని సామాను కింద వాటిని సర్కారే వేలం వేసింది. తుక్కు వ్యాపారులు వందల రూపాయలకి కొన్నారు. 1990ల చివర నుంచి ఫ్రెంచి వ్యాపారులు వచ్చి వీటిని పోగుచేసి, ఓడల్లో యూరపు తీసుకుపోయారు. బాగుచేయించి, మెరుగు పెట్టించి, పేరూ చరిత్రా తగిలించి క్రిస్టీస్ లాంటి సంస్థల వేలాల్లో పెట్టారు. తుక్కు కళ అయింది. కుర్చీ పారిస్, లండన్, న్యూయార్కు ఇళ్లకి చేరిన ఈ ప్రయాణాన్ని వెనక నుంచి ముందుకి చూపిస్తూ ఏమీ సీగెల్ 2013లో ఒక చిత్రం తీసింది.

అప్పుడు మన పెద్దలకి వారసత్వం గుర్తొచ్చింది. 2011లో కేంద్ర హోం శాఖ ఈ సామాను అమ్మకూడదని ఆదేశమిచ్చింది. జాబితా తయారైంది, 12,793 వస్తువులు వారసత్వ సంపద అని లెక్క తేల్చారు. 2016లో అసెంబ్లీ, సచివాలయం, హైకోర్టు ఉన్న ఆవరణ యునెస్కో జాబితాకెక్కింది. 2019లో ఇటలీ సంస్థ కసీనా జానరేకి నివాళి పేరుతో ఇదే తరహా కుర్చీలు తయారు చేసి అమ్మకానికి పెట్టింది. వారసత్వం పోతోందని పత్రికల్లో ఆవేదన వచ్చింది. దొంగతనాలు, స్మగ్లింగు గురించి రాశారు. అది న్యాయమైన ఆవేదనే, ప్రజల సొమ్ముతో చేయించిన సామాను మరి. కానీ ఆ చర్చ అంతటా ఒకటే ప్రశ్న నడిచింది: కుర్చీ సొంతదారు ఎవరు, సర్కారా వ్యాపారా? చేసిందెవరు అన్న ప్రశ్న రాలేదు. 12,793 వస్తువుల్ని లెక్కపెట్టగలిగిన యంత్రాంగం వాటిని చేసిన కార్ఖానాల జాబితా, పనివాళ్ల జాబితా తయారు చెయ్యాలని అనుకోలేదు.

కాలాన్ని కూడా గమనించాలి. సర్కారు కుర్చీ తుక్కుకి పోయిన 1990లే సర్కారు ఉద్యోగం కుదించుకుపోవడం మొదలైన సంవత్సరాలు. 1991 తరవాత ప్రభుత్వరంగ సంస్థల వాటాలు అమ్మారు, ఖాళీలు నింపలేదు, ఊడ్చేవాళ్ల నుంచి గుమాస్తాల దాకా కాంట్రాక్టు పద్ధతి తెచ్చారు. రిజర్వేషన్ ఉన్న చోట కుర్చీలు తగ్గాయి. రిజర్వేషన్ లేని చోట కుర్చీలు పెరిగాయి. ఈ రెంటికీ కారణాలు వేరువేరు కావచ్చు, దిక్కు ఒకటే. పౌరుడి హక్కుగా దొరికిన ఆసనం డబ్బున్నవాడి సొంత ఆసనంగా మారింది. ఆఫీసు గదిలో కుర్చీ ఇవ్వకపోతే కేసు పెట్టొచ్చు. భోజనాల గదిలో ఎవర్ని కూర్చోబెట్టాలన్నది ఇంటాయన ఇష్టం. ఆ గదిని ఊడ్చి, ఆ కుర్చీ దుమ్ము తుడిచే పనిమనిషి ఇవాళ్టికీ నగరాల్లో ఎన్ని ఇళ్లలో ఆ కుర్చీలో కూర్చుని అన్నం తినగలదు? ఆమెకి వంటింటి నేల, వేరే గ్లాసు. పల్లెలో రచ్చబండ రూలే లిఫ్టు ఎక్కి ఫ్లాట్‌లోకి వచ్చింది.

కూర్చుని తిన్నందుకు

2019 ఏప్రిల్ 26. ఉత్తరాఖండ్ తెహ్రీ జిల్లాలో ఒక పెళ్లి. పెళ్లి దళితులదే. అక్కడ ఇరవైల్లో ఉన్న ఒక దళిత యువకుడు పై కులాల వాళ్ల ముందు కుర్చీలో కూర్చుని అన్నం తిన్నాడు. అందుకు కొట్టారు. తొమ్మిది రోజులు ప్రాణాలతో పోరాడి మే 5న ఆసుపత్రిలో చనిపోయాడు. తండ్రి లేని కుటుంబానికి అతనొక్కడి సంపాదనే ఆధారం. అతని వృత్తి వడ్రంగం.

కుర్చీలు చెయ్యగలిగిన చేతులవి. ఆ చేతులు ఎన్ని తలుపులు బిగించి ఉంటాయో, ఎన్ని బల్లలకి చిత్రిక పట్టి ఉంటాయో. అతను చేసినదాన్ని ఇంట్లో పెట్టుకోడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అతను కూర్చోడానికే అభ్యంతరం. మనుస్మృతిలో 281వ శ్లోకానికీ ఆ పెళ్లి పందిరికీ మధ్య ఎన్ని వందల ఏళ్లు గడిచాయో లెక్కపెట్టుకోవచ్చు. వాటి మధ్య దూరం మాత్రం ఒక్క భోజనం పళ్లెమంత.

కలిసి తినడం ఊరికే సంస్కారమనీ, వేడుకనీ అనుకునేవాళ్లు దీన్ని గమనించాలి. 1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ పులయలతో కలిసి భోజనం పెట్టినందుకు సొంత ఈళవ కులమే ఆయన్ని వెలివేసింది, పులయన్ అయ్యప్పన్ అని ఎగతాళి చేసింది. ఆయన ఆ పేరుని బిరుదుగా పెట్టుకున్నాడు. పంక్తి భోజనం కులానికి ప్రాణం. అందుకే దాని మీద దెబ్బ పడ్డప్పుడల్లా అది రక్తం కోరుతుంది.

మన పని

కుర్చీ చరిత్రని ఇప్పటిదాకా రెండు రకాల వాళ్లు రాశారు. కళా చరిత్రకారులు దాని గీత గురించి రాశారు. వ్యాపారులు దాని ధర గురించి రాశారు. మూడో చరిత్ర చేసినవాడిదీ, కూర్చోనివ్వనివాడిదీ, పోరాడి కూర్చున్నవాడిదీ. అది రాయాల్సింది మనం. ఎట్లా రాయాలి?

ఒకటి, మన జిల్లాల్లో సర్కారు సామాను చేసిన కార్ఖానాల గురించి, అక్కడ పనిచేసిన వడ్రంగులు, పేము అల్లినవాళ్లు, తోలు పనివాళ్ల గురించి ఇంకా బతికున్న పెద్దవాళ్లని అడిగి రాయాలి. కొనుగోలు రిజిస్టర్లు, టెండరు కాగితాలు తాలూకా ఆఫీసుల మూల గదుల్లో చెదలు తింటున్నాయి. కుర్చీల్ని కాపాడే ఆదేశం వచ్చింది, కాగితాల్ని కాపాడే ఆదేశం కూడా అడగాలి. రెండు, సర్కారు కుర్చీలో మొదటిసారి కూర్చున్న దళిత గుమాస్తా, టీచరు, సర్పంచు, వార్డు మెంబరు తమ మొదటి రోజు గురించి చెప్పే మాటలు పోగుచెయ్యాలి. ఎవరు లేచి నిలబడ్డారు, ఎవరు నిలబడలేదు, ఎవరు కుర్చీ దాచేశారు అన్నది రాజ్యాంగం అమలైన చరిత్ర. మూడు, చదువు చెప్పే మిత్రులు తమ క్లాసులో ఒక చిన్న ప్రశ్న వెయ్యొచ్చు. మీ ఇంట్లో, మీ ఊళ్లో, ఎవరెవరు ఎవరి ముందు కుర్చీలో కూర్చోరు? పిల్లలు తెచ్చే జవాబులు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని సాంఘిక శాస్త్రం.

వస్తువుకి గౌరవం దొరికి, మనిషికి దొరకని చోట ఆ గౌరవం దొంగిలించిందే. చండీగఢ్ కుర్చీని మ్యూజియంలో పెట్టండి, వద్దనం. దాని కింద పలక మీద గీసినవాడి పేరుతో పాటు చెక్కినవాళ్ల పేర్లు, అల్లినవాళ్ల పేర్లు కూడా రాయండి. మ్యూజియం బయట ఊళ్లో, పెళ్లి పందిట్లో, పంచాయతీ ఆఫీసులో, భోజనాల గదిలో ఉన్న మామూలు కుర్చీలో ఎవరైనా కూర్చుని నిమ్మళంగా అన్నం తినగలిగిన రోజున దాని చరిత్ర పూర్తవుతుంది.